లాగని కాయిల్

నా కాలు విరిగిందని తెలిసినప్పుడు మా రూట్లో కొందరు ప్రయాణికులైనా హమ్మయ్య అనుకుని ఉంటారు. కండక్టరుగా నేను తిట్టని మనిషి ఆ రూట్లో లేడు. మెట్ల మీద వేలాడేవాణ్ణి తిట్టాను, చిల్లర లేదనేవాణ్ణి తిట్టాను, ముసలావిడ నిలబడి ఉంటే కిటికీలోంచి మబ్బులు చూసే కుర్రాణ్ణి చెవి పట్టుకుని లేపాను. డిపోలో నన్ను విజిల్ అంటారు. నోట్లో విజిల్ లేకపోయినా అదే మోత అని డ్రైవర్ల ఫిర్యాదు. అలాంటిదాన్ని, మెట్ల మీద వేలాడుతున్న ఒకణ్ణి లోపలికి లాగబోయి నేనే జారి రోడ్డు మీద పడ్డాను. వాడికి గీత కూడా పడలేదు. నా కుడికాలు మోకాలికీ మడమకూ మధ్య రెండు ముక్కలైంది.

ఆపరేషన్ చేసి లోపల లోహపు పట్టీ వేసి బిగించారు. గాయం మానింది, కుట్లు ఊడదీశారు, చర్మం మీద అరచేయంత మేర స్పర్శ పోయింది. అది నరం దెబ్బ, తిరిగి రావచ్చు రాకపోవచ్చు అన్నారు. దాని గురించి నేను పట్టించుకోలేదు. నాకు కావలసింది ఎముక. అది మాత్రం అతకలేదు.

"కొన్ని ఎముకలు మధ్యలో పని మానేస్తాయమ్మా" అన్నాడు ఎముకల డాక్టరు.

"మా డిపోలో మెకానిక్కులు కూడా అంతేనండి. మేనేజరు వచ్చి అరిస్తే లేస్తారు" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వితే ఏదో హామీ ఇచ్చినట్టవుతుందని ఆయన భయం కాబోలు. మెషీన్ ఒకటి కట్టి చూద్దామనీ, దానికీ కదలకపోతే ఏమిటో అప్పుడు మాట్లాడుకుందామనీ అన్నాడు. డిపో మేనేజరు అప్పటికే కబురు పంపాడు. నీ చోటు ఎవరికీ ఇవ్వను, నీ కాళ్ల మీద నువ్వు నడిచి రా, చాలు అని. కండక్టరుకు చోటంటూ ఏముంది, రెండు సీట్ల వరసల మధ్య సందు. అందులో రోజంతా నిలబడటానికి రెండు కాళ్లుండాలి. నాకు ఆ సందు తప్ప ఇంకే బతుకూ తెలియదు.

మెషీన్ గది ఆసుపత్రి వెనక వైపు ఉంది. గోడకు చక్రాల కుర్చీలు ఆనించి ఉన్నాయి. అక్కడ ఒక టెక్నీషియన్ అమ్మాయి ఉండేది. సన్నగా, చెంపకు పెన్ను గీతతో, ఎప్పుడు చూసినా ఏదో ఒక వైరు చిక్కు విప్పుతూ కనిపించేది. నా కంటే ముందు వరసలో ఒక పెయింటరు కూర్చుని ఉన్నాడు. ఎత్తు మీద గోడకు రంగు వేస్తూ పడ్డాడు, పై చెయ్యి విరిగింది, నాలాగే అతకలేదు. గోళ్లలో ఇంకా నీలం రంగు పోలేదు.

"కుడి చెయ్యేనా?" అని అడిగాను.

"కుడిదేనండి. ఎడమదైతే ఇంత ఏడ్చేవాణ్ణి కాదు."

ఆ అమ్మాయి నా కాలికి పళ్లెమంత గుండ్రటి మెత్త ఒకటి కట్టింది. దాని లోపల తీగ చుట్ట ఉంది. పక్కన చిన్న పెట్టె, దాని మీద పచ్చ దీపం, దానికి గోడకు తగిలించే వైరు. రోజులో సగం పైగా కట్టుకునే ఉండాలంది.

"ఇందులోంచి అయస్కాంత తరంగాలు విడతలు విడతలుగా వస్తాయండి. మీకేమీ తెలియదు. వేడి ఉండదు, జివ్వుమనదు, చప్పుడు కూడా చెయ్యదు."

"మరి పనిచేస్తోందని నాకెలా తెలిసేది?"

"మీకు తెలియక్కర్లేదు. ఎముకకు తెలిస్తే చాలు. మనం నడిచినప్పుడల్లా ఎముకలో సన్నటి కరెంటు పుడుతుంది. పని చెయ్యమని ఎముకకు అదే కబురు. మీరు పడుకునే ఉన్నారు కాబట్టి ఆ కబురు ఆగిపోయింది. ఇది ఆ కబురు పంపుతుంది. గట్టిగా కాదు, ఎముకకు అర్థమయ్యే లెక్కలో."

మా తమ్ముడు నా కుర్చీ వెనకే నిలబడి ఇదంతా విన్నాడు. విన్నాడంటే చెవులకు వినబడింది, అంతే.

మా అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. అన్నం తినిపించింది నేను, జ్వరమొస్తే మోసింది నేను, బడికి పంపింది నేను. బడి వాడికి అబ్బలేదు గానీ మోటారు వైండింగ్ అబ్బింది. కాలిపోయిన పంపులు, ఫ్యాన్లు, మిక్సీలు విప్పి, మాడిన తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టి బతికిస్తాడు. మా ముందు గదే వాడి షాపు. ఇల్లంతా వార్నిష్ వాసన, నేలంతా తీగ తునకలు. వాడు చుట్టిన కాయిల్‌ను తెల్ల దారంతో కట్టి, చివర రెండు మెలికలు వేసి కొసను లోపలికి దోపుతాడు. ఆ ముడి ఇంకెవరూ వెయ్యరు. ఎందుకంటే అది వైండింగ్ ముడి కాదు. బడికెళ్లేటప్పుడు బూటు లేసు ఊడిపోకుండా నేను నేర్పిన ముడి.

వాడి దగ్గర ఇనుము కోసే హాక్సా బ్లేడు ముక్క ఒకటి, విరిగినది ఉంది. చుట్టిన కాయిల్‌కు కరెంటిచ్చి, పైన ఆ బ్లేడు పట్టుకుంటాడు. బ్లేడు జుయ్యిమని వణికితే కాయిల్ బతికినట్టు. వాళ్ల గురువు నేర్పిన మాట ఒకటుంది, లాగని కాయిల్ చచ్చిన కాయిల్ అని. మనుషులు దేవుణ్ణి నమ్మినట్టు వాడు ఆ మాటను నమ్ముతాడు.

మెషీన్ ఇంటికి తెచ్చిన సాయంత్రమే బ్లేడు తెచ్చి నా కాలి మీద పట్టాడు. బ్లేడు ఉలకలేదు, పలకలేదు. మేకు పెట్టి చూశాడు. మేకు జారి మంచం కింద పడింది.

"అక్కా, ఇది చచ్చింది."

"పచ్చ దీపం వెలుగుతోంది కదరా."

"దీపానికేం, దీపం నేనూ వెలిగిస్తాను. కాయిల్ లాగట్లేదు."

"లాగడానికి నా కాలేమన్నా బావిలో బకెట్టా? ఆ అమ్మాయి చెప్పింది వినలేదూ? గట్టిగా కాదంది."

"గట్టిగా లేనిది ఎముకనేం అతికిస్తుంది?" అని గొణుక్కుంటూ వెళ్లాడు. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చిన్నప్పటినుంచీ అంతే.

వారాలు గడిచాయి. నేను మంచం మీద, కాలికి మెత్త, మెత్తకు వైరు, వైరుకు గోడ. కట్టేసిన గేదెకూ నాకూ తేడా లేదు. పైగా గేదె పాలైనా ఇస్తుంది. ఏ మార్పూ తెలిసేది కాదు. నొప్పి కాస్త తగ్గిందేమో అనిపించేది, మర్నాడు తగ్గలేదేమో అనిపించేది. పైకి జోకులేస్తున్నా లోపల నాకూ భయంగానే ఉండేది. రోజుకోసారి తమ్ముడు వచ్చి మెత్త మీద చెయ్యి పెట్టి చూసి, చల్లటి పొయ్యి మీద గిన్నె చూసినట్టు మొహం పెట్టేవాడు.

మూడో నెలలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. ఆయన కనుబొమ్మలు కదిలాయి. ఫిల్ము దింపి, "చూద్దాం. మానకుండా కట్టుకోండి" అన్నాడు. అంతే. మూడు నెలల మంచానికి ఒక్క చూద్దాం. బయట వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న తమ్ముడికి అదే చెప్పాను.

"చూద్దాం అంటే ఏమీ లేదనేగా అర్థం" అన్నాడు.

నేను కాదనలేదు. నాకూ అలాగే అర్థమైంది మరి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి కాలికి మెత్త లేదు, పెట్టె లేదు. అరిచాను. ముందు గదిలోంచి వాడి గొంతు వచ్చింది.

"ఇక్కడే ఉందక్కా. లోపల జాయింటు ఒకటి ఊడింది. అతికించి తెస్తున్నా."

"వాళ్ల వస్తువు నువ్వెందుకు విప్పావురా? ఆసుపత్రికి పట్టుకెళ్తే వాళ్లే చూస్తారు కదా!"

"వాళ్లు చూసేసరికి ఇంకో చూద్దాం అవుతుంది."

సాయంత్రానికి తెచ్చి కట్టాడు. కాస్త బరువుగా అనిపించింది. అడిగితే, లోపల కదలకుండా పట్టు వేశానన్నాడు. పచ్చ దీపం ఎప్పటిలాగే వెలిగింది. బ్లేడు తెచ్చి మెత్త మీద పట్టాడు. బ్లేడు జుయ్యిమంది. వాడి మొహం చూడాలి. మొదటిసారి సొంతంగా ఫ్యాను తిప్పిన రోజు ఉన్న మొహం అది.

"చూశావా! ఇప్పుడు పలికింది."

కాసేపటికి నా పిక్కకు వెచ్చగా తగిలింది. ఇన్నాళ్లకు ఏదో తగిలింది! వేడి ఉండదని ఆ అమ్మాయి చెప్పిన మాట గుర్తురాలేదా అంటే వచ్చింది. కానీ నెలల తరబడి ఏమీ తెలియకుండా పడున్న మనిషికి వెచ్చదనం దొరికితే మాట గుర్తుంటుందా? ఊడిన జాయింటు అతికింది, అందుకే ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది అనుకున్నాను. మెత్తను రాత్రీ పగలూ విప్పకుండా ఉంచుకున్నాను. వాడు రోజూ దాని మీద చెయ్యి పెట్టి మురిసిపోయేవాడు. నేను మళ్లీ డిపోకు ఫోన్లు చేసి అందరినీ తిట్టడం మొదలుపెట్టాను. ఆ రోజులు చాలా బాగున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే వాటి మీదే నాకు ఎక్కువ కోపం.

వెచ్చదనం పిక్క పక్కన, స్పర్శ ఉన్న చోట తగిలింది. ముందు వైపు, స్పర్శ లేని అరచేయంత చోట ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. వాసన వచ్చాక పట్టీలు విప్పి చూశాం. ఇస్త్రీ పెట్టె కింద మరిచిపోయిన గుడ్డలా ఉంది చర్మం. తమ్ముడు నన్ను రెండు చేతులా ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. చిన్నప్పుడు జ్వరంలో నేను వాణ్ణి మోసినట్టే మోశాడు.

అప్పటికే పుండు లోపలి లోహపు పట్టీ దాకా దిగింది. చీము ఎముకకు పట్టింది. కాలు కాలిన పిల్లి ఒకచోట నిలవదంటారు గానీ, కాలు కాలిన నేను కదలకుండా పడుకుని కప్పు చూశాను. డాక్టరు ఈసారి చూద్దాం అనలేదు.

"ఇది వేడికి కాలిన పుండు. మేమిచ్చింది వేడి లేని మెషీను. ఈ వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగి, మెషీన్‌ను ఆ అమ్మాయి గదికి పంపాడు.

ఆ అమ్మాయి నన్ను చక్రాల కుర్చీలో అక్కడికి తీసుకెళ్లింది. తమ్ముడు మందులు తేవడానికి వెళ్లాడు. ఆ అమ్మాయి మెత్త అంచున ఉన్న మరలు విప్పి మూత తీసింది. తీసి, చెయ్యి అలాగే ఆపేసింది.

"ఇది మా కాయిల్ కాదండీ."

వెంట్రుకంత తీగ ఉండాల్సిన చోట లావు రాగితీగ ఉంది. ఎంత పొందికగా చుట్టి ఉందో! ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు. పైన వార్నిష్ మెరుస్తోంది. పెట్టె విప్పితే అందులోనూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, గోడ కరెంటును తగ్గించి, విడతలు లేకుండా కాయిల్‌కు పంపుతూ. కాయిల్ చుట్టూ తెల్ల దారం, చివర రెండు మెలికలు, కొస లోపలికి దోపి ఉంది.

నేను ఆ ముడినే చూస్తూ కూర్చున్నాను.

"ఎవరు చేశారో మీకు తెలుసా?" అంది.

"తెలుసు. మా తమ్ముడు. నా కాలు బాగుపడాలని చేశాడు."

ఆ అమ్మాయి కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. లేచి ఎక్స్‌రే ఫిల్ములు రెండు తెచ్చి దీపపు పలక మీద పెట్టింది. మొదటిది మెషీన్ కట్టకముందుది. రెండు ఎముకల మధ్య నల్లటి సందు. రెండోది మూడో నెలది. ఆ సందులో పల్చగా, అద్దం మీద ఊదిన ఊపిరంత తెల్లదనం.

"ఇది కొత్త ఎముక. పట్టుకోవడం మొదలుపెట్టింది. డాక్టరుగారు చెప్పలేదా?"

"చూద్దాం అన్నారు."

ఆ అమ్మాయి ఫిల్ములు పలక మీంచి తీసింది. "ఆయన ముందే ఆశ పెట్టరండి. గట్టిపడ్డాక చెప్దామనుకుని ఉంటారు" అంది మెల్లగా.

అంటే అది లాగకుండానే, పలకకుండానే పనిచేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎంతమందిని వెక్కిరించానో. ఆ డాక్టరు ఒక్క మాట, పట్టుకుంటోందమ్మా అన్న ఒక్క మాట ఆ రోజు విసిరి ఉంటే, మా వాడు ఆ మరల జోలికి వెళ్లేవాడు కాదు. ఆశ పెట్టకూడదట! ఆశ పెట్టనందుకు నా కాలు పోయింది.

"మా వాడికి మీరు చెప్పకండి" అన్నాను. "నేనే చెప్తాను."

"తప్పకుండా చెప్పాలి మీరు. అప్పటిదాకా డాక్టరుగారు కూడా అనకుండా నేను చూస్తాను" అంది. ఆ ఫిల్ములు నాకిచ్చేసింది.

తమ్ముడు మందులతో వచ్చాడు. మెత్త కట్టిన పట్టీ ఒరుసుకుని పుండు పడిందట, అది లోపలికి దిగిందట అని చెప్పాను. నా నోటినుంచి అంత మెత్తటి అబద్ధం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. తర్వాతి వారం మోకాలి కింద కాలు తీసేశారు.

డిపో మేనేజరు మంచివాడే. పోయిన వస్తువుల గదిలో కుర్చీ వేయించాడు. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులు, సంచులు, టిఫిన్ బాక్సులు, ఒంటి చెప్పులు అక్కడికి వస్తాయి. ఎవరైనా వచ్చి అడిగితే వెతికి ఇవ్వాలి. పోయినవి దాదాపు అన్నీ అక్కడున్నాయి, నా కాలు తప్ప. చంకకర్రలతో వెళ్లి వచ్చేదాన్ని. తమ్ముడు పొద్దున దిగబెట్టి సాయంత్రం తీసుకొచ్చేవాడు. నీ తమ్ముడే నీ రెండో కాలు అనేవాళ్లు అందరూ. నిజమే. అందుకే చెప్పలేకపోయాను. వాడి రూపంలో నాకు మిగిలిన కాలును కూడా నేనే నరుక్కున్నట్టవుతుందని.

ఒక ఆదివారం పొద్దున కర్రలు ఊతం చేసుకుని ముందు గదిలోకి వచ్చాను. వాడు బల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మీద గుండ్రటి మెత్త, పక్కన చిన్న పెట్టె, దాని మీద పచ్చ దీపం. నాది కాదు. దాని అంచుకు నీలం రంగు మరకలున్నాయి. వాడి చేతిలో బ్లేడు ముక్క.

"పెయింటరుదక్కా. ఆసుపత్రిలో మన ముందు కూర్చునేవాడే, అతనిది. నిన్న బజారులో కలిశాడు, పొద్దున్నే ఇది తెచ్చిచ్చాడు. అతనికీ చూద్దాం అన్నాడట డాక్టరు. ఇదిగో, ఇదీ చచ్చిందే. పలకట్లేదు." బ్లేడు పక్కన పెట్టి మరలు విప్పే పుల్ల అందుకున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. "నీది నేను ఆలస్యంగా చుట్టానక్కా. మొదటి రోజే చచ్చిందని తెలిసీ మూడు నెలలు ఊరుకున్నాను. మొదటి రోజే చుట్టి ఉంటే నీ కాలు ఉండేది. ఇతనిదన్నా సమయానికి చుడతాను."

వీడు నా కాలు పోయినప్పటినుంచీ ఇది మోస్తున్నాడా? ఆలస్యం చేశానని?

"ఆ పుల్ల కింద పెట్టరా."

"అరగంట పనక్కా."

"కింద పెట్టమన్నాను!"

పెట్టాడు. నేను లోపలికి వెళ్లి పరుపు కింద ఉన్న ఫిల్ములు తెచ్చాను. కర్రలతో ఆ పది అడుగులూ ఎలా వెళ్లి వచ్చానో నాకు తెలియదు. కిటికీ అద్దానికి ఆనించి రెండింటినీ పట్టుకున్నాను.

"ఇది మెషీన్ కట్టకముందు. ఇది మూడో నెల. నువ్వు విప్పకముందు. ఈ తెల్లగా ఉన్నది చూడు."

"ఏంటిది?"

"ఎముక. కొత్త ఎముక."

వాడు ఒక ఫిల్ము చూశాడు, ఇంకొకటి చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు.

"బ్లేడు పలకలేదు కదా అక్కా."

"ఒరే, బస్సులో నేను ఒక విజిల్ వేస్తే ఏమవుతుంది?"

"ఆగుతుంది."

"రెండు వేస్తే?"

"కదులుతుంది."

"మెల్లగా వేసినా కదులుతుంది, గట్టిగా వేసినా కదులుతుంది. డ్రైవరు వినేది గట్టితనం కాదు, లెక్క. ఆ మెషీన్ ఎముకకు వినపడే లెక్కలో విజిల్ వేస్తోందిరా. ఎముక వింది, కదిలింది. నువ్వు దాన్ని పీకి సైరన్ పెట్టావు. ఆ వేడికే నా కాలు కాలింది. పట్టీ ఒరుసుకుని కాదు."

అంతా చెప్పేశాను. ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. బయట ఎవరో పంపు మోటారు మోసుకొచ్చి గుమ్మంలో దింపి, వాడి మొహం చూసి వెళ్లిపోయారు.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"ఆ అమ్మాయి విప్పినప్పటినుంచి."

"నేనే అని అప్పుడే ఎలా..." అంటూ ఆగిపోయాడు. "ముడి చూశావా?"

"చూశాను."

బల్ల మీద తెల్ల దారపు ఉండ ఉంది. దాన్ని చేత్తో పక్కకు తోశాడు. దొర్లి కింద పడింది, ఇద్దరమూ తియ్యలేదు. వాడు స్టూలు దిగి నా ముందు నేల మీద కూర్చున్నాడు. కాలు లేని వైపు. మడిచి పిన్ను పెట్టిన నా చీర అంచు పట్టుకున్నాడు.

"తిట్టక్కా."

నేను నోరు తెరిచాను.

"ఊరంతటినీ తిడతావు కదా. నన్ను తిట్టు. చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే ఎంత తిట్టావు! ఇప్పుడు తిట్టవేం? అక్కా, తిట్టు."

బస్సు నిండా జనాన్ని ఒక్క ఊపిరిలో తిట్టిన నోరు ఇది. వెతికాను. మెట్ల మీద వేలాడేవాడికి వాడిన మాటలు, చిల్లర ఎగ్గొట్టేవాడికి వాడినవి, మందు కొట్టి ఎక్కినవాడికి వాడినవి, అన్నీ వెతికాను. వాడికి సరిపడే మాట ఒక్కటీ దొరకలేదు. నా మౌనం చూసి వాడు అప్పుడు ఏడ్చాడు. తిడితే ఏడ్చేవాడు కాదు, నాకు తెలుసు.

చాలాసేపటికి నేనే అన్నాను. "లే. ఆ మెత్తకు ఏదన్నా మర వదులు చేశావేమో చూసి బిగించు. పొద్దున్నుంచీ అతను చేతికి ఏమీ కట్టుకోకుండా కూర్చుని ఉంటాడు."

వాడు లేచి మొహం తుడుచుకున్నాడు. ఒకటే మర వదులైంది. దాన్ని బిగించి, మళ్లీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తర్వాత మెషీన్‌ను సంచిలో పెట్టి నాకు అందించాడు.

"నువ్వే ఇవ్వక్కా. నేను బయట నిలబడతాను."